పాత కారు – పెరిగే మమకారం

మానవుడు ప్రాణమున్న జీవులనే కాక ప్రాణం లేని వస్తువులను సైతం ప్రేమిస్తాడు. తాతగారి చేతికర్ర, నానమ్మ పాన్‌దాన్, తండ్రి తొక్కిన సైకిలు మొదలైనవి ఇంట్లో ఒక మూలన పడి ఉన్నా వాటిని పారవేయడానికి మనకు చేతులు రావు. ఈ ప్రేమ అంతా ఒకే రకం కాదు. కొత్త వస్తువు మీద కలిగేది మోజు. కొన్ననాడు అది నిండుగా ఉంటుంది, దినదినానికీ తరుగుతుంది. నిత్యం వాడిన వస్తువు మీద కలిగేది మమకారం. కొన్ననాడు దాని జాడే ఉండదు, వాడినకొద్దీ పెరుగుతుంది. మోజుకు కారణం వస్తువు రూపం. మరి మమకారానికి కారణమేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి మన దేశంలో అర్ధశతాబ్దానికి పైగా తిరిగిన అంబాసిడరు కారును ఉదాహరణగా తీసుకుందాం. అది అందాల పోటీలో నెగ్గే వాహనం కాదు, వేగంలో మేటి కాదు. అయినా ఆ పేరు చెబితే నడివయస్కుల ముఖాలలో ఒక చిరునవ్వు కనిపిస్తుంది. ఆ చిరునవ్వుకు మూలమేమిటో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జన్మవృత్తాంతం

అంబాసిడరు పుట్టిల్లు మన దేశం కాదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పట్టణంలో సైకిళ్ల వ్యాపారంతో జీవితం ప్రారంభించిన విలియం మోరిస్ అనే వ్యక్తి 1913లో తన మొదటి కారును తయారు చేసి, దానికి తన ఊరి పేరే పెట్టాడు. అదే మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఆ పేరుతోనే కాలక్రమాన అనేక నమూనాలు వచ్చాయి. 1956లో వెలువడిన మూడవ శ్రేణి మోరిస్ ఆక్స్‌ఫర్డే మన అంబాసిడరుకు మాతృక.

మన దేశంలో 1942లో బిర్లా కుటుంబం స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ మొదట గుజరాత్‌లోని ఓఖా రేవులో విదేశీ భాగాలను బిగించి కార్లు సిద్ధం చేసేది. స్వాతంత్ర్యానంతరం, 1948లో, కలకత్తా సమీపాన హుగ్లీ నది ఒడ్డున గల ఉత్తర్‌పారాకు తరలివచ్చింది. అక్కడ మోరిస్ కంపెనీ నమూనాలే హిందుస్థాన్ పేరుతోను, ల్యాండ్‌మాస్టర్ పేరుతోను తయారయ్యాయి. 1957–58 కాలంలో అంబాసిడరు అవతరించింది. తొలుత దానికి 1476 ఘన సెంటీమీటర్ల పాతపద్ధతి ఇంజను అమర్చేవారు. 1959 ప్రాంతంలో 1489 ఘన సెంటీమీటర్ల, వాల్వులు పైభాగాన గల ఇంజను వచ్చింది. మన తండ్రుల తరం ఎరిగిన అంబాసిడరు గుండెకాయ ఇదే.

ఆ కాలపు ఆర్థిక విధానం కూడా ఇక్కడ గ్రహించదగినది. దేశంలోనే భాగాలు తయారు చేసే సంస్థలకు మాత్రమే ప్రభుత్వం ప్రోత్సాహమిచ్చింది. విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మే జనరల్ మోటార్స్, ఫోర్డ్ సంస్థలు 1954 నాటికి ఇక్కడి నుండి నిష్క్రమించాయి. మిగిలినవి ముఖ్యంగా మూడు: ఉత్తర్‌పారా అంబాసిడరు, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్. లైసెన్సు లేనిదే ఉత్పత్తి పెంచే వీలు లేదు. అందువల్ల డబ్బు కట్టినవారు కూడా కారు కోసం ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. పోటీ లేని చోట మార్పు మందగిస్తుంది. 1963 ప్రాంతంలో రెండవ మార్కు, 1975లో మూడవది, 1979లో నాలుగవది వచ్చాయన్నా, ముందుభాగపు జాలీ, దీపాల అమరిక వంటివే ఎక్కువగా మారాయి. ఆకారం అదే, అస్థిపంజరం అదే. ఇంగ్లండులో మూడేళ్లకే విరమించిన నమూనా మన దేశంలో 2014 మే 24న ఉత్తర్‌పారా కర్మాగారంలో పని నిలిచేదాకా తయారవుతూనే వచ్చింది.

ఈ దీర్ఘాయువును కొందరు దేశానికి కలిగిన నష్టంగా భావిస్తారు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. అయితే అదే దీర్ఘాయువు వల్ల మరొక ఫలితం కూడా కలిగింది. 1965లో తయారైన బండికి 1985లో విడిభాగం దొరికేది. ఒక తరం మిస్త్రీ నేర్చిన పని మరొక తరానికి పనికివచ్చేది. ఊరూరా దాని కీలు కీలూ ఎరిగినవారు తయారయ్యారు. వస్తువు మారకపోవడం వల్ల విద్య నిలిచింది.

సుఖం ఎక్కడిది?

అంబాసిడరులో ప్రయాణం సుఖమని అందరూ అంటారు. ఈ సుఖం కేవలం అభిమానం వల్ల తోచేది కాదు. దీనికి భౌతికశాస్త్ర కారణాలున్నాయి.

మొదటిది చక్రాల మధ్య దూరం. అంబాసిడరు పొడవు సుమారు 4.3 మీటర్లు, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం సుమారు 2.46 మీటర్లు. ఆ తరువాత వచ్చిన మారుతి 800లో ఈ దూరం సుమారు 2.17 మీటర్లు మాత్రమే. ఇరుసులు దగ్గరగా ఉన్న బండి గోతిలో దిగి లేచేటప్పుడు తొట్టెలా ముందుకు వెనుకకు ఊగుతుంది. దూరంగా ఉన్న బండిలో ఆ ఊపు తగ్గుతుంది.

రెండవది చక్రం పరిమాణం. అంబాసిడరుకు 15 అంగుళాల చక్రాలు. చిన్న చక్రం గోతిలోకి దిగిపోతుంది. పెద్ద చక్రం గోతి అంచులను ఆనుకొని దాటిపోతుంది. ఎడ్లబండికి మన పూర్వులు అంత పెద్ద చక్రాలు ఎందుకు పెట్టారో ఆలోచిస్తే ఈ సూత్రం సులభంగా బోధపడుతుంది.

మూడవది స్ప్రింగుల అమరిక. ముందు చక్రాలకు పొడవైన ఉక్కు కడ్డీలు ఉంటాయి. చక్రం పైకి లేచినపుడు ఆ కడ్డీ మెలితిరుగుతుంది. తిరిగి యథాస్థితికి వచ్చేటప్పుడు చక్రాన్ని కిందికి నెడుతుంది. వెనుక చక్రాలకు ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కుపట్టీలు, అనగా మన మిస్త్రీలు చెప్పే కమాన్ కట్టలు ఉంటాయి. పట్టీలు పరస్పరం ఒరుసుకొనడం వల్ల ఊపులో కొంత అక్కడే అణగిపోతుంది. బరువు పెరిగినా అవి తట్టుకుంటాయి. పెళ్లివారు ఎనిమిది మందీ ఎక్కి, పైన పెట్టెలు కట్టినా బండి కదిలేదంటే దానికి ఆధారం ఈ కట్టలే.

ఇక్కడ శరీరశాస్త్రం కూడా కలుస్తుంది. మెత్తని స్ప్రింగులు గల కారు సెకనుకు సుమారు ఒకటి, ఒకటిన్నర సార్లు పైకి కిందికి ఊగుతుంది. ఇది ఉయ్యాల ఊపునకు, నిదానపు నడకకు దగ్గరి లయ. పుట్టిననాటి నుండి శరీరానికి అలవాటైన కదలిక కాబట్టి అది మనకు బాధ కలిగించదు. సెకనుకు నాలుగు నుండి ఎనిమిది సార్ల కంపనం మాత్రం మన మొండెంలోని అవయవాలను కుదిపి అలసట కలిగిస్తుంది. ఆటోరిక్షాలో గంటసేపు ప్రయాణించినవారికి దీనిని వేరుగా వివరించనక్కరలేదు.

నాలుగవది ఆసనం. ముందు వరుసలో విడివిడి కుర్చీలు కాక ఒకే బల్లవంటి మెత్త ఉండేది. గేరు కడ్డీని నేల మీద కాక స్టీరింగు కింద అమర్చినందున ముందు కూడా ముగ్గురు కూర్చునే వీలుండేది. కారు ఎత్తు దాదాపు 1.6 మీటర్లు. లోనికి వంగి దిగబడనక్కరలేదు. కుర్చీ మీద కూర్చున్నట్టే కూర్చోవచ్చు. మోకాళ్ల నొప్పులు గల వృద్ధులకు ఇది ఎంత పెద్ద సౌకర్యమో వారి ఇంటివారికే తెలుస్తుంది. నేటి కార్లలో కొన్ని గాలిని చీల్చుకుపోవడానికి అనువుగా పొట్టివయ్యాయి. మనిషి వంగడం నేర్చుకోవలసి వచ్చింది.

నమ్మకం అంటే ఏమిటి?

అంబాసిడరును నమ్మకమైన బండి అంటారు. ఈ మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఎన్నడూ ఆగని బండి అని దీనికి అర్థం చెబితే అది సత్యదూరం. హారను తప్ప మిగిలినవన్నీ మోగుతాయన్న హాస్యోక్తి ఊరికే పుట్టలేదు. వేసవిలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఇంజనుకు అందకుండా అడ్డుపడేది. వానకాలంలో డెల్కో మూతలోకి తేమ చేరితే ఇంజను దగ్గేది. స్టీరింగు కింది గేరు కడ్డీల కీళ్లు అరిగితే గేరు ఇరుక్కునేది. ఎన్నిసార్లు ఆగుతుందన్న లెక్క ప్రకారం చూస్తే నేటి కార్లు దానికంటే ఎన్నో రెట్లు మెరుగు. ఇది నిర్వివాదాంశం.

అయినా దానిని నమ్మడానికి కారణం వేరు. అది ఆగినప్పుడు ఎందుకు ఆగిందో తెలిసేది. పెట్రోలు ఇంజను నడవడానికి ప్రధానంగా మూడు కావాలి: తగుపాళ్లలో గాలి కలిసిన పెట్రోలు, సకాలంలో పుట్టే నిప్పురవ్వ, సిలిండరులో సరియైన ఒత్తిడి. బండి ఆగితే డ్రైవరు బానెట్టు ఎత్తి ఈ మూడింటినీ వరుసగా పరీక్షించేవాడు. పంపు గొట్టం ఊడదీస్తే పెట్రోలు చిమ్ముతున్నదా? ప్లగ్గు తీగను ఇనుముకు దగ్గరగా పెడితే రవ్వ ఎగురుతున్నదా? హ్యాండిలు తిప్పితే చేతికి బిగువు తగులుతున్నదా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం దొరికితే రోగనిర్ణయం పూర్తయినట్టే. పాయింటు మసిబారితే గరుకు కాగితంతో రుద్దేవారు. పెట్రోలు ఆవిరి అడ్డుపడితే పంపు మీద తడిగుడ్డ వేసి ఒక చుట్ట కాల్చేంతసేపు చెట్టునీడన నిలబడేవారు. బ్యాటరీ నీరసించి సెల్ఫ్ పనిచేయకపోతే హ్యాండిలు కొట్టి, లేదా నలుగురు తోసి, ఇంజనును లేపేవారు.

నేటి కారులో ఈ పనులన్నీ ఒక చిన్న కంప్యూటరు చూసుకుంటుంది. అది మనిషికంటే కచ్చితంగా చూసుకుంటుంది కూడా. కాని అది అలిగితే యజమాని చేయగలిగినది ఫోను చేయడమొక్కటే. కనుక నమ్మకంలో రెండు తెగలున్నాయని చెప్పవచ్చు. తప్పు చేయదన్న నమ్మకం ఒకటి. తప్పు జరిగినా సరిదిద్దుకోగలమన్న నమ్మకం మరొకటి. మొదటిదానిలో సౌకర్యం ఎక్కువ. రెండవదానిలో సాన్నిహిత్యం ఎక్కువ. మనుషుల మధ్య కూడా మనం ఎవరిని ఆత్మీయులంటాము? దోషరహితులను కాదు, ఎవరి దోషాలు మనకు తెలిసి, వాటితో కలిసి బతకడం మనకు అలవాటైనదో వారినే.

వజాదారీ

ఉర్దూ భాషలో వజాదారీ అని ఒక చక్కని పదం ఉంది. హైదరాబాదు పాత తరం వారి నోట ఈ మాట తరచుగా వినవచ్చేది. ఒకసారి ఏర్పరచుకున్న మర్యాదను, నడవడిని, సంబంధాన్ని కాలం మారినా విడువకుండా నిలుపుకోవడమే వజాదారీ. దానికి తోడు నిబాహ్ అనే మరొక మాట ఉంది. ఇష్టం ఉన్ననాడూ లేనినాడూ బంధాన్ని చివరిదాకా నడిపించుకు రావడం అని దాని భావం. తెలుగులో 'నెట్టుకురావడం' అంటే విసుగు ధ్వనిస్తుంది. 'నిర్వహించడం' అంటే ఆత్మీయత తగ్గుతుంది. రెంటికీ మధ్యనున్న అర్థం నిబాహ్‌ది.

పాత కారు మీద మమకారం ఈ నిబాహ్ నుండి పుడుతుందని నా అభిప్రాయం. మా ఇంట 1986 నాటి అంబాసిడరు ఒకటి ఉంది. మా తండ్రిగారు 1998లో దానిని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఆయనకు అంతకంటే మంచి బండి కొనే స్థోమత లేక కొన్నారే తప్ప దాని మీద ప్రత్యేకమైన ఇష్టంతో కాదు. కాని ప్రతి శుక్రవారం ఉదయం జుమా నమాజుకు స్నానం చేయబోయే ముందు బానెట్టు ఎత్తి ఆయిలు పుల్ల తీసి చూడడం, రేడియేటరులో నీళ్లు పోయడం, బ్యాటరీ కొనలను వేడినీళ్లతో కడగడం ఆయనకు నియమమైంది. ఏళ్లు గడిచేసరికి ఇంజను శబ్దాన్ని బట్టే దాని ఆరోగ్యం చెప్పగలిగేవారు. వాల్వుల సందు పెరిగితే కలిగే టకటక వేరని, బేరింగు అరిగితే వచ్చే గుడగుడ వేరని మాకు చెవికి పట్టించారు. ఒకరోజు మా అమ్మగారు, "మీకు నా దగ్గు వినిపించదు గానీ దాని దగ్గు వినిపిస్తుంది" అన్నారు. ఆయన నవ్వి, ఆ సాయంత్రమే ఆమెను ఆ కారులోనే డాక్టరు వద్దకు తీసుకువెళ్లారు.

ఇందులో నేను గమనించిన సూత్రం ఒకటి ఉంది. మనం దేని మీద శ్రద్ధ పెడతామో దాని మీద ప్రేమ కలుగుతుంది. ప్రేమ కలిగితే శ్రద్ధ పెడతామని లోకం అనుకుంటుంది. క్రమం తరచుగా దానికి విరుద్ధం. బిడ్డను సాకినకొద్దీ తల్లికి, మొక్కకు నీరు పోసినకొద్దీ రైతుకు, పాఠం చెప్పినకొద్దీ గురువుకు మమత పెరుగుతుంది. శ్రమ లేని చోట మమకారం వేరూనదు. ఏ బాధా పెట్టని యంత్రాన్ని మనం మెచ్చుకుంటాము గాని, దాని మీద మమత పెంచుకోవడం అరుదు.

మరొక పార్శ్వం

అయితే మమకారం కళ్లకు గంతలు కట్టరాదు. పాత కారు విషయంలో ఆలోచించవలసిన కఠిన సత్యాలు రెండున్నాయి.

మొదటిది ప్రాణరక్షణ. అంబాసిడరు మందమైన ఇనుప రేకు చూసి చాలామంది అది గుద్దుకున్నా చెక్కుచెదరదని భావిస్తారు. ఇది భ్రమ. ఢీకొన్నప్పుడు మనిషిని కాపాడేది రేకు మందం కాదు. ఆ దెబ్బలోని శక్తిని ముందుభాగం నలిగి తాను గ్రహించడం, లోపలి గది నలగకుండా నిలవడం, బెల్టు మనిషిని పట్టి ఉంచడం. 1950 దశకంలో గీసిన నమూనాలో ఈ ఆలోచనకు చోటు లేదు. గాలిసంచులు లేవు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు గల పాత బండి ఘాటు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గే ప్రమాదం ఉంది. నేటి రహదారుల వేగం ఆ బండి పుట్టిననాటి వేగం కాదు.

రెండవది పొగ. కార్బురేటరుతో నడిచే ఇంజను పెట్రోలును కచ్చితంగా కొలిచి వాడలేదు. కాలీకాలని ఇంధనం, విషవాయువులు గొట్టం నుండి వెలువడుతాయి. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలైన బి.ఎస్.6 ప్రమాణాలతో పోలిస్తే పాత బండి వదిలే పొగ అనేక రెట్లు అధికం. మన ఇంటి జ్ఞాపకానికి పొరుగువాని ఊపిరితిత్తులు మూల్యం చెల్లించడం ధర్మం కాదు. పొరుగువాని హక్కును గురించి ఇస్లాం ఎంత గట్టిగా చెప్పిందో ఈ కళాశాల విద్యార్థులకు విశదమే.

ప్రభుత్వం కూడా ఈ దిశగానే ఆలోచిస్తున్నది. సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలకు ముగుస్తుంది. ఆ తరువాత బండిని పరీక్షింపజేసి ఐదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. 2021 ఆగస్టులో వాహనాల తుక్కు విధానం ఆరంభమైంది. అదే సంవత్సరం 50 ఏళ్లు దాటిన పాత వాహనాలకు వారసత్వ హోదా ఇచ్చే నియమాలు కూడా వచ్చాయి. కాని ఆ హోదా పొందిన బండిని ప్రదర్శనలకు, ఊరేగింపులకే తప్ప నిత్యం వాడరాదు. నిత్యం వాడినందువల్లనే ప్రేమపాత్రమైన వాహనానికి, నిత్యం వాడరాదన్న షరతుతో గౌరవం దక్కడం ఒక విచిత్రం. అయినా ఆ షరతు సమంజసమైనదే.

మా ఇంట కూడా ఈ విషయమై చర్చ జరిగింది. పిల్లలను ఆ కారులో ఎక్కించరాదని మా తమ్ముడి వాదన. మోకాళ్ల నొప్పితో బాధపడే మా అమ్మగారికి మరే కారూ ఎక్కడం సులువు కాదని మా చెల్లెలి వాదన. ఇద్దరి మాటా నిజమే. చివరకు జాతీయ రహదారి మీదికి, పిల్లలతో ప్రయాణానికి దానిని తీయరాదని, ఊరిలోపల అమ్మగారి అవసరాలకు మాత్రం నిదానంగా నడపాలని, ఇంజను మరమ్మతు సకాలంలో చేయించి పొగ పరీక్ష తప్పిననాడు నిస్సంకోచంగా తుక్కుకు అప్పగించాలని నిర్ణయించుకున్నాము. ప్రేమించిన వస్తువును ఎప్పుడు విడువవలెనో ముందుగానే నిర్ణయించుకొనడం కూడా వజాదారీలో భాగమేనని నా విశ్వాసం.

మిస్త్రీ విద్య

బండి తుక్కుకు పోతే పోవచ్చు. దానితోపాటు పోయే మరొకదాని గురించి మనం ఆలోచించవలసి ఉంది. అదే మిస్త్రీల విద్య.

హైదరాబాదులో గాని, జిల్లా పట్టణాలలో గాని మోటారు షెడ్లలో పనిచేసిన ఉస్తాదులలో అనేకులు బడి ముఖం ఎక్కువగా చూడనివారు. పదేళ్ల వయసులో పానాలు అందించే పిల్లవాడిగా చేరి, గ్రీజు పూసుకొని, తిట్లు తిని, ఇరవై ఏళ్లకు ఇంజను విప్పి బిగించగలవారయ్యారు. పసివయసులో పనిలో పెట్టడం మెచ్చదగిన ఆచారం కాదు, అది పోవలసినదే. కాని వారు సంపాదించిన జ్ఞానం సామాన్యమైనది కాదు. ఒక ఉదాహరణ చెబుతాను. పూర్వం పెట్రోలులో సీసం కలిపేవారు. అది ఇంజనులో వాల్వు ఆనే అంచులు అరగకుండా కాపాడేది. సీసం విషం కాబట్టి 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మసాగారు. పాత ఇంజన్ల వాల్వు అంచులు త్వరగా అరగడం మొదలైంది. గట్టి లోహపు రింగులను ఆ అంచులలో దిగగొట్టి బాగుచేయవచ్చునని మన మిస్త్రీలు పనిలోనే గ్రహించి ఆచరించారు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. పాత రబ్బరు గొట్టాలను అది మెత్తబరచి పాడుచేస్తుంది. వాటికి బదులుగా ఏ గొట్టం నిలుస్తుందో షెడ్డులోని ఉస్తాదుకు తెలుసు. లోహశాస్త్రం, రసాయనశాస్త్రం ఆయనకు ఆ పేర్లతో తెలియవు. వేళ్లతో, చెవులతో తెలుసు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత అంబాసిడరు వెనుకబడసాగింది. 1980 దశకం మధ్యలో ఏడాదికి సుమారు 24,000 బండ్లు తయారు చేసిన కర్మాగారం, 2014 మార్చితో ముగిసిన సంవత్సరంలో అమ్మినవి సుమారు 2,200 మాత్రమే. మంత్రుల ఎర్రబుగ్గ కార్లుగా వెలిగిన తెల్ల అంబాసిడర్లు ఆఫీసుల ఆవరణలలో మూలపడ్డాయి. ఆ ఎర్రబుగ్గలే 2017 మే 1 నుండి తొలగిపోయాయి. అదే సంవత్సరం అంబాసిడరు అన్న పేరును ఫ్రాన్సు దేశపు పెజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనుక్కొన్నది. పేరుకు 80 కోట్లు పలికింది. ఆ బండిని అర్ధశతాబ్దం నడిపించిన చేతుల నైపుణ్యానికి ఎవరూ ధర కట్టలేదు.

విద్యార్థులారా! మీలో కొందరి తండ్రులు, మేనమామలు ఇటువంటి షెడ్లలో పనిచేసినవారే. కాలేజీ ఫారంలో తండ్రి వృత్తి అన్న గడి వద్ద కలం ఆగినవారిని నేను చూశాను. మెకానిక్ అని వ్రాయడానికి సంకోచించి 'వ్యాపారం' అని వ్రాసినవారున్నారు. ఆ సంకోచానికి కారణం లేదు. భౌతికశాస్త్ర గ్రంథంలో మీరు చదివే టార్షన్, ఘర్షణ, అనునాదం అనే మాటల వెనుకనున్న సత్యాలను మీ తండ్రులు అరచేతుల మీది కాయలతో చదివారు. ఈ సెలవులలో ఒకరోజు ఆయన పక్కన కూర్చొని, ఇంజను శబ్దాన్ని బట్టి ఏ రోగాన్ని ఎలా గుర్తిస్తారో అడగండి. ఆయన చెప్పినది తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసి ఉంచండి. యంత్రశాస్త్ర విద్యార్థులైతే దానికి కారణం మీ పాఠ్యగ్రంథంలో వెదకండి. రెండూ కలిసిన చోట నిజమైన పరిశోధన పుడుతుంది. కళాశాల కమిటీ పెద్దలు తలచుకొంటే ఇటువంటి రచనలకు ఈ సంచికలోనే ఏటా నాలుగు పుటలు కేటాయించడం అసాధ్యం కాదు.

పాత కారు మనకు నేర్పే పాఠం ఇదే. సుఖాన్నిచ్చే వస్తువులకు మనం అలవాటు పడతాము. శ్రద్ధను కోరే వస్తువులతో మనకు బంధం కలుగుతుంది. ఏనాటికో ఒకనాటికి ఆ వస్తువు చెల్లిపోతుంది. ఇనుము కొలిమికి చేరుతుంది. శ్రద్ధ పెట్టడం నేర్చిన చేయి మాత్రం మిగులుతుంది. అది మరొక యంత్రానికి, మరొక మనిషికి పనికివస్తుంది. ఇంట్లో పాత వస్తువుతో పాటు పాత తరం మనుషులు కూడా ఉంటారు. వారి కీళ్లు కూడా మొరాయిస్తాయి, వారి మాట కూడా నిదానిస్తుంది. వారికీ మనం కొంత ఆగి, కొంత విని, కొంత ఓర్చుకోవలసి ఉంటుంది. ఆ ఓర్పును అలవరచుకోవడానికి మోటారు బండి వంటి సామాన్యమైన వస్తువు సాయపడిందంటే అది మనల్ని తన రోడ్డు కంటే చాలా దూరం తీసుకుపోయినట్టే.